పిలిస్తే వచ్చింది ఒకటి, చంపింది ఇంకొకటి: టెక్సస్ మేకల రాంచ్‌లో ఒక కేసు

ఈ కేసులో నేను రెండు తప్పులు చేశాను, రాయడానికి కారణం అదే. ఒకటి వృత్తిలో చేసిన తప్పు, ఇంకొకటి ప్రాణం మీదికి తెచ్చుకున్న తప్పు. రాంచ్ యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కౌంటీ పేరు, ఎకరాలు, మంద లెక్క, ఇంటి మనుషుల సంగతులు గుర్తుపట్టకుండా మార్చాను. చచ్చిన జంతువుల మీద కనిపించిన గుర్తులు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే.

నేను పశ్చిమ టెక్సస్‌లో గొర్రెలు, మేకలు, ఆవులు చూసే పశువైద్యుడిని. పుట్టింది అనంతపురం జిల్లాలో. కాయోటీల వేట నా పని కాదు, కానీ ఈ ప్రాంతంలో మేకల డాక్టరుగా ఉంటే ఏడాదికి ఒక్కసారైనా ఆ గొడవలో తల దూర్చక తప్పదు. కాయోటీ అంటే మన నక్క కంటే కాస్త పెద్దది, తోడేలు కంటే బాగా చిన్నది. పది పదిహేను కిలోలు తూగుతుంది. ఇక్కడి రాంచర్లు చివరి అక్షరం మింగేసి 'కాయోట్' అంటారు, ఆ మాట వెనకాల ఎప్పుడూ ఒక తిట్టు ఉంటుంది.

నేపథ్యం

ఎడ్వర్డ్స్ పీఠభూమి పడమటి అంచున, పేకోస్ నది వైపు ఉన్న రాంచ్ అది. నాలుగు వేల ఎకరాల పైచిలుకు. సున్నపురాయి నేల, మధ్యమధ్యలో వాగులు కోసేసిన లోయలు. చెట్లంటే జునిపర్, మెస్కీట్, నాగజెముడు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, కాబట్టి మొదటిసారి ఆ నేల చూసినప్పుడు నాకు పరాయి దేశంలా అనిపించలేదు. వాన మా అనంతపురం కంటే కూడా కాస్త తక్కువే.

అమెరికాలో గొర్రెలు, మేకలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం టెక్సస్, అందులోనూ ఈ పీఠభూమి. ఒకప్పుడు ఇక్కడ కాయోటీ దాదాపు లేకుండా పోయింది. మైళ్ల కొద్దీ అల్లిక తీగ కంచెలు కట్టి, ఉచ్చులు పన్నే ట్రాపర్లను పెట్టి, విషం పెట్టి ఊడ్చేశారు. తర్వాత ఉన్నికి గిరాకీ తగ్గింది. 1954 నాటి ఉన్ని చట్టం కింద వచ్చే ప్రభుత్వ సాయం 1990ల నడిమికి ఆగిపోయింది. చాలామంది గొర్రెలు అమ్మేసి జింకల వేటకు భూమి లీజుకివ్వడం మొదలుపెట్టారు. కంచెలు ఒరిగిపోయాయి, కాయోటీ తిరిగొచ్చింది. ఇప్పుడు మేకలు పెంచేవాడి చుట్టూ మేకలు లేని పొరుగువాళ్లే. కాయోటీ వాళ్లకు పట్టదు, వీడికి మాత్రం కంటిమీద కునుకుండదు.

మన వైపు మందకు కాపరి ఉంటాడు. మా తాత కాలంలో చేనులో మంద కట్టి, నడిమధ్య గొంగడి పరుచుకుని పడుకునేవాళ్లు. తోడేలు వస్తే ముందు కుక్క లేచేది, తర్వాత మనిషి లేచేవాడు. ఇక్కడ ఆరువందల మేకలకు కాపరి లేడు. కంచే కాపరి. మేకలు ఏ పొద చాటున ఈనాయో, ఎన్ని పిల్లలు బతికాయో మార్కింగ్ రోజు గుంపును తోలుకొచ్చి చెవులకు గుర్తులు వేసేదాకా తెలియదు. చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకుంటేనే మిగతాది అర్థమవుతుంది. ఇక్కడ చావును ఎవరూ కళ్లారా చూడరు, శవాన్నే చూస్తారు.

నన్ను పిలిచిన రోజు

ఏప్రిల్ మొదటి వారం. మేకలు మార్చి నడిమి నుంచి ఈనుతున్నాయి. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. పొలం లెక్కలన్నీ కోడలు రాస్తుంది. ఆమె పుస్తకంలో మూడు వారాల్లో దొరికిన శవాలు 31. అందులో 25 పిల్లలు, 6 పెద్ద మేకలు. దొరకనివి ఇంకెన్నో.

"కాయోట్ పని డాక్. రాత్రి వింటున్నాం కదా అరుపులు" అన్నాడు పెద్దాయన.

నేను అక్కడ ఉన్నది నలభై నిమిషాలు. ఆ మధ్యాహ్నం ఇంకో మూడు చోట్లకు వెళ్లాలి. రెండు రోజుల నాటి పిల్ల శవం ఒకటి చూపించారు. పొట్ట తినేసి ఉంది, చుట్టూ కాయోటీ అడుగులు, పక్కనే దాని పెంట. జునిపర్ కింద ఒక పెద్ద మేక కళేబరం కూడా చూపించారు. దాని మీద ఆకులు, మట్టి ఉన్నాయి. గాలికి పడ్డాయనుకున్నాను. కత్తి జీపులోనే ఉంది, బయటికి తీయలేదు. తోలు ఒలిచి చూడలేదు. "కాయోటీలే" అని రాసి సంతకం పెట్టి వచ్చేశాను.

ఇదీ మొదటి తప్పు. ఆరు పెద్ద మేకలు చచ్చాయన్న అంకె నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు. కాయోటీ పెద్ద మేకను చంపదని కాదు, చంపుతుంది. కానీ అడుగడుగునా అప్పుడే పుట్టిన పిల్లలు దొరుకుతుంటే యాభై కిలోల మేకతో కుస్తీ పట్టాల్సిన అవసరం దానికేముంటుంది? ఆ ప్రశ్న ఆ రోజే వేసుకోవాల్సింది.

వేట

టెక్సస్‌లో కాయోటీ వేటకు సీజన్ లేదు, ఇన్నే చంపాలన్న లెక్క లేదు. సొంత భూమిలో ఏడాది పొడవునా, రాత్రిపూట కూడా కాల్చవచ్చు. పెద్దాయన మేనల్లుడు, అతని స్నేహితుడు మూడు వారాంతాలు దీక్షగా కూర్చున్నారు.

పద్ధతి ఇది. స్పీకరున్న చిన్న పెట్టెను ముప్పై నలభై అడుగుల అవతల పెడతారు. దెబ్బ తిన్న కుందేలు అరిచే అరుపు అందులోంచి వస్తుంది. వేటగాళ్లు ఆకుల రంగు బట్టలు, మొహానికి ముసుగు వేసుకుని ఒక పొదకు వీపు ఆనించి కదలకుండా కూర్చుంటారు. అంతా గాలి మీద ఆధారపడిన ఆట. కాయోటీ ఎప్పుడూ అరుపు చుట్టూ తిరిగి గాలి వాలుకు వచ్చి, ముందు వాసన చూసుకుంటుంది. కాబట్టి అది తిరిగే వైపు ఖాళీగా, తుపాకీకి అందేలా ఉండాలి. పదిహేను ఇరవై నిమిషాల్లో రాకపోతే లేచి ఇంకో చోటికి పోతారు. గురి తప్పి బతికి పోయిన కాయోటీ మళ్లీ ఆ అరుపుకు రాదు. దాన్ని 'చదువుకున్న కాయోట్' అంటారు. ఈ మాట నాకు చాలా నచ్చింది, మా కాలేజీలో చదువుకున్నవాళ్లూ ఇలాగే పిలిస్తే రారు.

మూడు వారాంతాల్లో 11 కాయోటీలు చచ్చాయి. ఇల్లంతా పండగ. కానీ కోడలి పుస్తకంలో శవాల లెక్క తగ్గలేదు.

అప్పుడు నాకు అనుమానం మొదలైంది. చంపినవాటిని పారేయొద్దు, ఐస్ పెట్టెలో పెట్టండన్నాను. రెండు జతల గ్లవ్స్ వేసుకుని అన్నిటినీ కోశాను. గ్లవ్స్ సంగతి ఊరికే చెప్పడం లేదు. 1988లో దక్షిణ టెక్సస్ కాయోటీల్లో కుక్కల రేబిస్ పాకింది. 1995 నుంచి విమానాల్లోంచి వ్యాక్సిన్ నింపిన ఎరలు చల్లి దాన్ని తుదముట్టించారు. ఆ రకం పోయినా స్కంక్‌లలో, గబ్బిలాల్లో వేరే రకాలు ఉన్నాయి. అడవి జంతువు తల కోసేవాడు టీకా వేయించుకుని ఉండాలి.

పొట్టల్లో ఎక్కువగా దొరికినవి కుందేళ్లు, ఎలుకలు. రెండిటిలో మాత్రం మేక వెంట్రుకలు ఉన్నాయి, వాటితో పాటు ఈగల పురుగులు కూడా ఉన్నాయి. అంటే తిన్నది కుళ్లిన శవాన్ని. పళ్లు చూస్తే 11లో 8 ఏడాది, రెండేళ్ల కుర్రవి, తెల్లగా అరగని కోరలు. మిగతా మూడింటిలో ఆడది ఒకటే, దాని చన్నుల్లో పాలు లేవు. ఏప్రిల్ అంటే కాయోటీలు ఈనే నెల. అంటే ఆ భూమిలో కాపురం ఉన్న జంట ఇంకా చావలేదు.

లెక్క ఇక్కడే తప్పింది. మందల మీద పడేది ఎక్కువగా ఆ ప్రాంతాన్ని ఏలుకునే జంట, అదీ పిల్లల్ని సాకే రోజుల్లో. యూటాలో కాయోటీ జంటలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలితే అవి గొర్రెపిల్లల్ని చంపడం తగ్గింది. మేత కోసం పిల్లలు నోరు తెరిచే ఇంట్లోనే దొంగతనాలు ఎక్కువన్నమాట. కుందేలు అరుపుకు ముందుగా పరిగెత్తుకొచ్చేవి మాత్రం ఇల్లూ వాకిలీ లేని, అనుభవం లేని కుర్రవి. ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, దొంగతనం ఒకరిదైతే తూటా ఇంకొకరికి తగిలింది. పైగా కాయోటీల సంఖ్యను నిజంగా తగ్గించాలంటే ఏటా నూటికి డెబ్బై వరకు చంపాలని పాత లెక్కలు చెబుతాయి. నాలుగు వేల ఎకరాల ముక్కలో పదకొండు చంపితే ఆ ఖాళీ నిండడానికి పొరుగు నుంచి వచ్చేవి ఎప్పుడూ ఉంటాయి.

ఆ సాయంత్రం

ఏప్రిల్ చివరి వారం. కాపురం ఉన్న జంట ఏ వైపు తిరుగుతోందో చూద్దామని నేనూ మేనల్లుడి వెంట వెళ్లాను. తుపాకీ అతనిది, నా చేతిలో దుర్భిణి, స్పీకర్ రిమోట్.

ఒక లోయ అంచున కూర్చున్నాం. ఎదర వాలుగా దిగే నేల, వెనక పది పదిహేనడుగుల రాతి గట్టు. గట్టు వెనక ఉంది కాబట్టి అటు నుంచి ఏదీ రాదని ధీమా. కాయోటీని దృష్టిలో పెట్టుకుంటే ఆ లెక్క సరైనదే.

అరుపు మొదలైన ఐదు నిమిషాలకు పొదలు ఊగాయి, హావలీనాలు మూడు దూసుకొచ్చాయి. అడవిపందిలా ఉంటుంది కానీ పంది కాదు, దాని దూరపు చుట్టం. చూపు ఆనదు, కోపం మాత్రం జాస్తి. తమ పిల్ల అరుస్తోందనుకున్నాయేమో, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని పళ్లు టకటక కొట్టుకుంటూ స్పీకర్ పెట్టె చుట్టూ తిరిగాయి. ఒకటి దాన్ని ముట్టెతో బోర్లా పడేసింది. నాకు నవ్వు ఆగలేదు. మేనల్లుడు కాలితో నన్ను తన్నాడు. కాసేపటికి అవి పోయాయి, వాసన మాత్రం మిగిలింది.

మామూలుగా అయితే ఇరవై నిమిషాలకు లేచిపోవాలి. నా మోకాలికి నాగజెముడు ముళ్లు దిగాయి, పీక్కుంటూ కూర్చున్నాను. పెట్టె బోర్లా పడి కూడా అరుస్తూనే ఉంది. ముప్పై అయిదు నిమిషాలు దాటి ఉంటుంది. వెనక గట్టు మీంచి చిన్న గులకరాయి ఒకటి జారి పడింది.

తల తిప్పాను. పది అడుగులుంటుంది, గట్టు మీద పడుకున్నట్టు అణగి ఉంది. గోధుమరంగు, గుండ్రటి తల, తోక చివర మాత్రం మెల్లగా కదులుతోంది. మౌంటెన్ లయన్. ప్యూమా, కూగర్ అన్నా అదే, పిల్లి జాతి పెద్ద జంతువు. అది చూస్తున్నది పెట్టెను కాదు, నా మెడను.

ఆ క్షణంలో మేమేమిటో చూడండి. నేలమీద కూర్చున్నాం, వీపు దానికి పెట్టాం, మనిషి ఆకారం కనిపించకుండా బట్టలు వేసుకున్నాం, పైగా దెబ్బ తిన్న జంతువు అరుపు మా దగ్గర్నుంచే వస్తోంది. దాని తప్పేముంది?

"లేవొద్దు" అన్నాడు మేనల్లుడు గుసగుసగా. అది తప్పు సలహా. బిగ్ బెండ్ నేషనల్ పార్కులో బోర్డుల మీద చదివిన మాటలు నాకెందుకో అప్పుడు గుర్తొచ్చాయి: పరిగెత్తకు, వంగకు, పెద్దగా కనబడు. లేచి నిలబడి, ముసుగు లాగేసి, చేతులెత్తి అరిచాను. ఏం అరిచానో తర్వాత మేనల్లుడు చెప్పాడు, అతనికి అర్థం కాని భాషలోనట. మా ఊళ్లో పొలంలో పడ్డ గొడ్డును అదిలించే కేక అది.

మేనల్లుడు తుపాకీ తిప్పాడు కానీ కాల్చలేదు. తర్వాత దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. టెక్సస్‌లో మౌంటెన్ లయన్ వేటకు కూడా సీజన్, లెక్క లేవు. చట్టం అడ్డం కాదు. కానీ దూరానికి అమర్చిన స్కోప్‌లో పది అడుగుల దగ్గర కనిపించేది వెంట్రుకలే. ఏది తల, ఏది తొడ తెలియదు. అంత దగ్గర్లో దెబ్బ తగిలీ తగలని పిల్లి కాల్చని పిల్లి కంటే ప్రమాదం. అతను ఆగడమే సరైనదని ఇప్పటికీ అంటాను.

అది రెండు మూడు సెకన్లు చూసి, వెనక్కి తిరిగి, తొందరేమీ లేనట్టు గట్టు దాటి వెళ్లిపోయింది. ఇద్దరం వీపుకు వీపు ఆనించి ట్రక్కు దాకా నడిచాం. సగం దారిలో గుర్తొచ్చింది, పెట్టె ఇంకా అరుస్తూనే ఉందని. రిమోట్ నా చేతిలోనే ఉంది. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆ అరుపు ఆపడం. ఇది రెండో తప్పు.

ఇప్పుడు అలా కూర్చోవాల్సి వస్తే నేను పెట్టించే షరతులు మూడు. వీపు వెనక పైనుంచి దూకడానికి వీలున్న గట్టు ఉండకూడదు. ఇద్దరిలో ఒకరు వెనక్కి చూస్తూ కూర్చోవాలి. స్పీకర్ మనకు దగ్గరగా ఉండకూడదు. ఇరవై నిమిషాలు కాయోటీ లెక్క. పిల్లి జాతి అంత తొందరగా రాదు, ఆగి ఆగి చూసుకుంటూ ముప్పావుగంటకు వస్తుంది. ఎక్కువసేపు కూర్చునేవాడు ఆ సంగతి తెలిసి కూర్చోవాలి.

కత్తి తీశాక

మర్నాడు పొద్దున్నే పశువులు నీళ్లు తాగే చెరువు దగ్గర బురదలో అడుగులు చూశాం. తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, గోళ్ల గుర్తు లేదు, మడమ అడుగున మూడు తమ్మెలు. జునిపర్ కింద మేక గుర్తొచ్చి అక్కడికి వెళ్లాను. మూడు వారాల తర్వాత ఎముకలే మిగిలాయి. పక్కటెముకలు మొదట్లో కత్తిరించినట్టు తెగి ఉన్నాయి, నేల మీద నాలుగు వైపుల నుంచి మట్టి గీకిన చాళ్లు. ఆకులు గాలికి పడలేదు, కప్పారు. తిన్నంత తిని మిగిలింది దాచుకోవడం మౌంటెన్ లయన్ అలవాటు.

నేను సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చి సిగ్గేసింది. ఇక అక్కడి నుంచి పద్ధతి మార్చాం. ఏ శవం కనబడినా ముట్టుకోకుండా పైన బకెట్ బోర్లించి, దాని మీద రాయి పెట్టి, నాకు ఫోన్ చేయాలి. రాబందులు, కాయోటీలు ముట్టకముందే నేను చూడాలి. పోతులను మందలో మూడు నెలలు వదిలేశారు కాబట్టి ఈతలు ఇంకా సాగుతున్నాయి. పదహారు రోజుల్లో 13 శవాలు కోశాను.

తోలు ఒలవడమే అసలు పరీక్ష. ప్రాణం ఉండగా కరిస్తే తోలు కింద నెత్తురు చిమ్మి, కండ కమిలి గడ్డ కడుతుంది. చచ్చాక కరిస్తే రంధ్రం ఉంటుంది కానీ నెత్తురుండదు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కాయోటీ గొంతు కింద, దవడ వెనక పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. రెండు కోరల రంధ్రాల మధ్య సుమారు మూడు సెంటీమీటర్లు. మౌంటెన్ లయన్ మెడ వెనక, పుర్రె మొదట్లో కరుస్తుంది, ఆ ఎడం నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది.

పుట్టిన పిల్లల్లో చూడాల్సినవి వేరు. ఊపిరితిత్తి ముక్క నీళ్లలో వేస్తే మునిగితే అది పుట్టి ఊపిరి తీయలేదు. గిట్టల కింద మెత్తటి తొడుగు అరగకుండా ఉంటే లేచి నడవలేదు. నాలుగో పొట్టలో పాలు ఉన్నాయా? మూత్రపిండాల చుట్టూ కొవ్వు గట్టిగా ఉందా, ఎర్రటి జెల్లీలా కరిగిపోయిందా? కరిగిపోతే అది ఆకలితో, చలితో చచ్చింది.

13లో మౌంటెన్ లయన్ చంపినవి రెండు, రెండూ పెద్ద మేకలే. కాయోటీ చంపిన పిల్లలు నాలుగు. రెండిటి సంగతి తేల్చలేకపోయాను. మిగతా అయిదు పిల్లలను ఏ జంతువూ చంపలేదు. రెండు ఊపిరే తీయలేదు, మూడింటి పొట్టలో పాలచుక్క లేదు. వాటిలో నాలుగింటిని కాయోటీలు తర్వాత వచ్చి తిన్నాయి.

తిలా పాపం తలా పిడికెడు. అందులో పెద్ద పిడికెడు ఎండిన శీతాకాలానిది, చాలని మేతది, బక్కచిక్కిన మేకలు కవలల్ని ఈనడానిది.

వంటింటి బల్ల దగ్గర ఈ కాగితం పెట్టాను. పెద్దాయన చాలాసేపు కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"అంటే తుపాకీతో కాల్చలేనిది నా మేత అంటావు."

కోడలు మాట్లాడలేదు. లేచి వెళ్లి, జనవరిలో దాణా కొన్న రసీదులు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంతకుముందు ఏడాదిలో సగం కూడా లేదు. ఆమెకు ముందే తెలుసని నాకప్పుడు అర్థమైంది. అడిగినవాడు లేడు, అంతే.

ఏం చేశాం, ఎందుకు

ఖర్చు లేనిది ముందు చేశాం. చచ్చిన జంతువులను ఈడ్చుకెళ్లి పడేసే గొయ్యి ఈనే పొలానికి ఫర్లాంగు దూరంలో ఉంది. అంటే రాంచ్‌లో ఉన్న ప్రతి కాయోటీకి, రాబందుకు మనమే భోజనం పెట్టి, పక్కనే ఈనే మేకల్ని పెట్టాం. దాన్ని పూడ్చేసి కొత్తది మూడు మైళ్ల అవతలికి మార్చారు.

తర్వాత మందను లోయ అంచు నుంచి కదిపి ఇంటి దగ్గర మూడువందల ఎకరాల మైదానంలోకి తెచ్చారు. మౌంటెన్ లయన్ పొంచి పట్టే జంతువు, దానికి గట్టు, పొద, చాటు కావాలి. చాటు లేని నేలలో దాని విద్య సాగదు. మేత తక్కువ కదా అని పెద్దాయన గొణిగాడు. దాణా ఎలాగూ వేయాలి, కళ్లెదుట వేస్తే మంచిదన్నాను.

కంచె చుట్టూ నడిచి చూస్తే తీగ కింద కాయోటీలు దూరే సందులు నాలుగు దొరికాయి. రెండింటి తీగకు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ట్రాపర్‌ను పిలిచి ఆ రెండు చోట్లే ఉచ్చులు వేయించాం. తొమ్మిదో రోజు ముసలి మగది పడింది, కోరలు సగానికి అరిగిపోయాయి. పది రోజుల తర్వాత, కుందేలు అరుపు మానేసి పిల్ల కాయోటీ అరుపు పెడితే ఆడది వచ్చింది. పిల్లల కాలంలో కాపురమున్న జంటను కదిలించేది ఆ అరుపే. మేనల్లుడు కాల్చాడు. దాని చన్నుల్లో పాలున్నాయి. దగ్గర్లో ఎక్కడో బిలం ఉంటుంది, అందులో పిల్లలు. ట్రాపర్ వెతికి ఆ పని కూడా పూర్తి చేశాడు. తల్లి లేక చావడం కంటే అదే నయమని నేనే చెప్పాను. ఆ మాట రాయడం తేలిక కాదు, రాయకపోతే ఈ కేసు సగమే అవుతుంది. ఆ సీజనులో కాయోటీ చంపిన శవం మళ్లీ నా కత్తి కిందికి రాలేదు. పదకొండు చావులు చేయలేని పని రెండు చేశాయి.

ఫలించనివి కూడా చెప్పాలి. కాపలాకని పెద్ద పిరనీస్ కుక్కను కొన్నారు, మూడేళ్లది. అది మేకల దగ్గర ఒక్క రాత్రి ఉండి, మర్నాటి నుంచి వంటింటి మెట్ల మీద కాపరం పెట్టింది. కుక్కలో లోపం లేదు, అది మనుషుల మధ్య పెరిగింది. ఈ పనికి కళ్లు తెరిచిన కొన్ని వారాల నుంచే మేకల మధ్య పెరగాలి, పక్వానికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అందుకని రెండు కూనల్ని తెచ్చి పిల్లమేకల దొడ్డిలో వదిలారు. కంచె మీద మెరిసే లైట్లు ఒక వారం బాగా పనిచేశాయి, తర్వాత కాయోటీ వాటి కిందే నడిచినట్టు అడుగులు కనిపించాయి.

మౌంటెన్ లయన్ విషయంలో పెద్దాయనకూ నాకూ కుదరలేదు. చంపేద్దామన్నాడు. ఆయన భూమి, ఆయన మేకలు. మంద అక్కడి నుంచి కదిలిపోయాక దాన్ని చంపి సాధించేదేమిటన్నది నా వాదం. ఆయన లోయలో ట్రాపులు పెట్టించాడు. 2024లో వచ్చిన నిబంధన ప్రకారం మౌంటెన్ లయన్‌కు వేసిన ట్రాపును 36 గంటలకు ఒకసారి చూడాలి. అంత మారుమూల లోయకు రోజూ పోయే ఓపిక ట్రాపర్‌కు ఒక నెల ఉంది. అందులో పడినవి ఒక రకూన్, రెండు హావలీనాలు. లోయలో నేను పెట్టిన కెమెరాలో మాత్రం ఆ పిల్లి ఆగస్టు దాకా కనిపించింది. ఒక ఫొటోలో నోట్లో జింక పిల్ల ఉంది. తర్వాత కనిపించలేదు.

మరుసటి ఏడాది మార్కింగ్‌లో 100 మేకలకు 97 పిల్లలు వచ్చాయి. అంతకుముందు ఏడాది 68. ఇదంతా మా గొప్పేనని చెప్పను. ఆ శీతాకాలం వానలు బాగా పడ్డాయి, పోతులను నలభై అయిదు రోజులకే మందలోంచి తీసేశారు, దాణా వేళకు వేశారు, కూనలు ఎదిగాయి. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

మొన్న మార్చిలో రాత్రి తొమ్మిదింటికి పెద్దాయన ఫోన్. "డాక్, పొద్దుటి పిల్ల ఒకటి చచ్చింది. గొంతు మీద రెండు రంధ్రాలున్నాయి."

"కాయోటీనా?" అన్నాను.

"నాకేం తెలుసు? బకెట్ బోర్లించాను. రాయి కూడా పెట్టాను."